విల్లు ఎత్తలేనివాడి వాటా

మేం పనిచేసే ఆశ్రమ పాఠశాలలో సాయంత్రం ఆటల వేళ పిల్లలకు విల్లు పట్టడం నేర్పుతుంటాం. వెదురు విల్లులే. కొన్ని మా ఊళ్ళ నుంచి తెచ్చినవి, కొన్ని పిల్లలు సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు తాతల పక్కన కూర్చుని చేయించుకొచ్చినవి. గడ్డిమోపు నిలబెట్టి దాని మీద సున్నంతో గుండ్రంగా గీస్తాం. బాణాలకు ఇనుప ములుకులు ఉండవు. మొన చెక్కి మంట మీద కాచి గట్టిపరుస్తాం, అంతే.

ఒక సాయంత్రం వాన పడి ఆట ఆగిపోయింది. పిల్లలు ఊరుకోకపోతే ఫోన్‌లో విలువిద్య పోటీల వీడియోలు చూపించాం. ఒకదాని వెనక ఒకటి వస్తూ వస్తూ, అమెరికాలో ఎవరో ఒకాయన చెట్టు మీద మంచె కట్టుకుని జింక కోసం కాపుకాసిన వీడియో వచ్చింది. ఆయన చేతిలో ఉన్నదాన్ని చూసి ఏడో తరగతి పిల్లాడు అడిగాడు: "సార్, అది విల్లా, తుపాకీయా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాం. దాన్ని క్రాస్‌బో అంటారు. తుపాకీ కర్రలాంటి దాని మీద పొట్టి విల్లును అడ్డంగా బిగిస్తారు. తాడును ఒకసారి వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే అది అక్కడే ఆగుతుంది. చెయ్యి వదిలేసినా పరవాలేదు. గంటసేపు కూర్చున్నా పరవాలేదు. జంతువు వచ్చినప్పుడు భుజానికి ఆనించి, గాజు గొట్టంలోంచి గురి చూసి మీట నొక్కితే బాణం వెళ్ళిపోతుంది. బాణాన్ని చూస్తే విల్లు, మీటను చూస్తే తుపాకీ. అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్ళకు తుపాకీవాళ్ళతో కలపకుండా విడిగా కొన్ని వారాలు ఇస్తారు. ఆ వారాల్లోకి క్రాస్‌బోను రానివ్వాలా వద్దా అని అక్కడి వేటగాళ్ళు ఏళ్ళ తరబడి తగువు పడుతున్నారు.

ఈ రాస్తున్న మేం ఇద్దరం అన్నదమ్ముల పిల్లలం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒకే ఊరివాళ్ళం, కొండదొరలం. ఆ తగువు గురించి చదువుకున్న రాత్రి మాకు అది పరాయి దేశపు సంగతిలా అనిపించలేదు. ఇలాంటి తగువే మా ఊళ్ళో, ఇటుకల పండగకు ముందు, శంకుదేవుడి దగ్గర కూర్చుని పెద్దలు తీర్చారు. మా ఊరి తగువు క్రాస్‌బో గురించి కాదు, నాటు తుపాకీ గురించి. ఆ తీర్పు మా ఇంటి మీంచే వెళ్ళింది.

ఇటుకల పండగ గురించి మన పిల్లలకు చెప్పనక్కర్లేదు. కానీ ఈ పుస్తకం చదివే మాస్టార్లలో మైదానం నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం కొంచెం చెబుతాం. చైత్రమాసంలో వస్తుంది. ఇప్పపూలు రాలే కాలం, కొత్త మామిడికాయ తినే కాలం. దిసారి రోజు చూసి చెబుతాడు. ఇంటింటి నుంచి గుప్పెడు సామలు, చోళ్ళు, కందులు తెచ్చి పూజారి ముందు పెడతారు. దేవుడి దగ్గర పెట్టిన ఆ విత్తనాన్ని ఇంటి విత్తనంలో కలిపి, వానలకు పొలంలో చల్లుతారు. అంటే ఇది మొదట విత్తనాల పండగ, ఆ తర్వాతే వేట పండగ. పండగ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని కొండకు పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. రాత్రికి థింసా ఆడతారు. వేట నుంచి మగవాళ్ళు ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కలిపి ఉంచుతారు. ఎంత పెద్ద మనిషైనా ఆ రోజు పేడనీళ్ళు తప్పవు.

చిన్నప్పుడు మేం చూసినంతలో మగవాళ్ళు ఎక్కువసార్లు పేడనీళ్ళే తిన్నారు. విల్లుతో వేట అంటే అంతే మరి. మా తాత చేసే విల్లు ముదురు వెదురుది. నారి కూడా వెదురు బద్దే, సన్నగా చీల్చి నునుపు చేసింది. ఆ విల్లుతో జంతువును కొట్టాలంటే ముప్పై అడుగుల దూరానికి పోవాలి. ముప్పై అడుగుల దూరానికి పోవాలంటే గాలి ఎటునుంచి వీస్తుందో తెలియాలి, ఎండుటాకు మీద కాలు పడకూడదు. జంతువు తల వంచి మేస్తున్నప్పుడే నారి లాగాలి. లాగాక ఎక్కువసేపు ఆపలేం, చెయ్యి వణుకుతుంది. ఆ కొద్ది క్షణాల్లో జంతువు తల ఎత్తిందా, అయిపోయింది. రోజంతా తిరిగితే ఒక కుందేలో, ఒక అడవికోడో. ఎప్పుడో ఒక ఏడు పంది. పంది పడిన ఏడు మా ఊళ్ళో ఏళ్ళ తరబడి గుర్తుండేది. ఫలానావాడి పెళ్ళి ఎప్పుడయిందంటే, పంది పడిన ఏడు అనేవాళ్ళు.

విల్లుకు ఇంకో గుణం ఉంది. దాని చప్పుడు కొండకు వినపడదు. ఒక కోడిని కొడితే పక్క పొదలో కోడి మేస్తూనే ఉంటుంది. తుపాకీ ఒకసారి పేలితే ఆ పూటకు ఆ కొండ ఖాళీ.

మా తాత మా చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న విలుకాడు. సూడిదాన్ని కొట్టకూడదని, ఎండాకాలం నీళ్ళు తాగడానికి వచ్చినదాన్ని కొట్టకూడదని మాకు చెప్పింది ఆయనే. "దాహంతో వచ్చినదాన్ని కొట్టడం ఏటి మగతనంరా" అనేవాడు. మా ఇద్దరికీ మొదటి విల్లు ఆయనే చేసిచ్చాడు. మా ఎత్తు కొలిచి, మా చెయ్యి ఎంత లాగగలదో చూసి చేశాడు. చిన్నవాడికి చిన్న విల్లు, సన్నటి బద్ద. దానితో కొట్టగలిగింది ఎలకల్ని, తొండల్ని. చెయ్యి ముదిరే కొద్దీ విల్లు పెరిగేది.

ఒక చలికాలం తాత కల్లు దించడానికి జీలుగు చెట్టెక్కి కింద పడ్డాడు. కుడి భుజం విరిగింది. ఊళ్ళోనే కట్టు కట్టారు. ఎముక అతికింది గానీ చెయ్యి చెవి దాకా లేవలేదు. ఆ తర్వాత ఆయన విల్లు ఎత్తలేదు.

తుపాకీ మా ఇంటికి అలా వచ్చింది. ఎవరో చేసిన నాటు తుపాకీ. గొట్టంలో పైనుంచి మందు దట్టించి, సీసం గుండ్లు వేసి, గుడ్డపీలిక కూరి కాలుస్తారు. పోలీసులు దాన్ని ఎస్‌బీఎంఎల్ అంటారు. దాన్ని పేల్చడానికి భుజం బలం అక్కర్లేదు. ఒక చేత్తో మోపి రెండో చేత్తో నొక్కితే చాలు. చోళ్ళ చేలో పందుల్ని తరమడానికి అన్నారు మొదట. మా ఊళ్ళో అప్పటికి అలాంటివి రెండు ఉన్నాయి. తాతది మూడోది. ఇటుకల పండగ వేటకు తాత దాన్ని పట్టుకుని వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తాత మళ్ళీ వేటకు వచ్చాడని సంతోషించారు. మేమూ సంతోషించాం.

మేం తుపాకీని తిట్టడానికి కూర్చోలేదు. తుపాకీ పరాయిది, విల్లే మనది అనడం సులువు. కానీ 1922 ఆగస్టు 22న చింతపల్లిలో, 23న కృష్ణదేవిపేటలో, 24న రాజవొమ్మంగిలో అల్లూరి సీతారామరాజుతో కలిసి పోలీసు ఠాణాల మీద పడిన మన మన్యం మనుషులు అక్కడినుంచి తెచ్చుకున్నది తుపాకులనే. వాళ్ళ చేతుల్లో విల్లులు లేక కాదు. ఎదుటివాడి చేతిలో తుపాకీ ఉన్నప్పుడు విల్లు చాలదని వాళ్ళకు తెలుసు. అలాగే విల్లు కూడా మొదటినుంచీ ఇప్పుడున్నట్టు లేదు. బాణానికి కమ్మరి చేసిన ఇనుప ములుకు వేసిన మొదటి రోజున, ఏ తాతో ఇదేం వేటరా అని అని ఉంటాడు. పనిముట్టు మారడం తప్పు కాదు. మారితే దానితో పాటు ఇంకేం మారుతుందో చూసుకోవాలి.

మా ఊళ్ళో చాలా మారింది. తుపాకీ వచ్చాక ముప్పై అడుగుల దూరానికి పోయే పని పోయింది. కుర్రాళ్ళు తలకు లైటు కట్టుకుని రాత్రిపూట కాపు వేయడం మొదలుపెట్టారు. వెలుగు పడితే జంతువు కదలకుండా నిలబడిపోతుంది. కాపు వేసేది నీటి మడుగు దగ్గరే. తాత వద్దన్న రెండు పనులూ, తాత పట్టుకున్న తుపాకీ వెనకే ఊళ్ళోకి వచ్చాయి. పండగ పేరు చెప్పి పండగ కాని రోజుల్లో కూడా వేట సాగింది. సంతకు మాంసం పోవడం మొదలైంది. సంతకు పోయిన మాంసంలో ఊరికి వాటా ఉండదు కదా.

మేం తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో ఒక ఇటుకల పండగకు, మా పెదనాన్న కొడుకు, మా పెద్దన్న, అదిలింపు వరసలో ఉన్నాడు. అదిలింపు అంటే కుర్రాళ్ళు కొండ పైనుంచి కేకలు వేస్తూ, పొదలు కొడుతూ దిగుతారు. కింద విలుకాళ్ళు కాపు కాస్తారు. విల్లుతో కాపు కాసేవాడికి జంతువు కళ్ళెదుటికి వచ్చాకే పని. అందుకే మనిషిని జంతువనుకునే ప్రమాదం తక్కువ. ఆ రోజు అరవై డెబ్బై అడుగుల అవతల పొద కదిలింది. తాత కాల్చాడు.

పొదలో ఉన్నది పెద్దన్న.

గుండ్లు తొడలో దిగాయి. తాత తుపాకీ పడేసి, ఎత్తలేని చేత్తోనే అన్నను ఎత్తబోయాడట. మేం అక్కడ లేం, ఊళ్ళో ఉన్నాం. ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలు దారి పక్కన పెట్టుకుని నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు. అన్నను మోసుకొస్తున్నవాళ్ళను చూసి, ఏదో పెద్ద జంతువు పడిందనుకుని ఎదురెళ్ళింది మా పెద్దమ్మ.

ఆస్పత్రికి తీసుకెళ్తే కేసవుతుందని భయపడ్డారు. తాతను పట్టుకుపోతారని భయపడ్డారు. రెండు రాత్రులు ఊళ్ళోనే పసరు కట్టి ఉంచారు. మూడో రోజుకు కాలు వాచి, జ్వరం వచ్చి మాట తడబడితే, అప్పుడు డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అన్న బతికాడు. కాలు మాత్రం పూర్తిగా రాలేదు. ఇప్పటికీ ఎక్కుడు దారిలో చేతికర్ర కావాలి. ఆ రెండు రాత్రులు భయపడకుండా మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని మేం ఇప్పటికీ అనుకుంటాం. అందుకే పిల్లలకు చెబుతుంటాం: కేసు గురించి తర్వాత ఆలోచించండి, ముందు మనిషిని తీసుకెళ్ళండి.

తర్వాతి ఏడు పండగకు ముందు ఊరు కూర్చుంది. పండగ వేటలోకి తుపాకీ రాకూడదని పూజారి అన్నాడు. పెద్దలు తల ఊపారు. కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళు నేరుగా "మాకు తుపాకీ కావాలి" అనలేదు. "తాతకు భుజం లేదు. తుపాకీ వద్దంటే తాత వేటకు ఎలా వస్తాడు? ముసలివాళ్ళను, చెయ్యి లేనివాళ్ళను పండగలోంచి తీసేస్తారా?" అన్నారు. మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. పెద్దలు కాసేపు ఏమీ అనలేకపోయారు.

అప్పుడు తాత లేచాడు. "నా పేరు సెప్పి తుపాకీ అడక్కండిరా" అన్నాడు. అంతే అని కూర్చున్నాడు.

తర్వాత మాట్లాడింది మా పెద్దమ్మ. పెద్దన్న తల్లి, తాతకు పెద్ద కోడలు. మా ఊళ్ళో వేట మాంసం వాటాలు వేసే ఇల్లు వాళ్ళది. మొదటి బాణం తగిలించినవాడికి తల ఇస్తారు. మిగతాది ఇంటింటికీ సమానం. వేటకు వచ్చిన ఇల్లు, రాని ఇల్లు అని ఉండదు. మగదిక్కు లేని ఇంటికి, మంచం మీద ఉన్నవాడి ఇంటికి, బాలింత ఉన్న ఇంటికి కూడా వాటా వెళ్తుంది. కుక్కలకు కూడా ఉంటుంది. పెద్దమ్మ కుర్రాళ్ళను చూసి అన్న మాట మాకు బాగా గుర్తు: "మామకు భుజం పోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో ఏ ఏడైనా మామ వాటా తగ్గిందా? కొట్టినవాడికే కూడు అన్నది మన ఊళ్ళో ఎప్పుడు మొదలైంది?"

కొడుకు కాలు తీసిన తుపాకీ గురించి మాట్లాడుతూ, దాన్ని కాల్చిన మనిషి వాటా తగ్గలేదు కదా అని అడిగింది ఆమె. ఆ రోజు మాకు అది పూర్తిగా అర్థం కాలేదు.

ఆ ఏడు నుంచి మా ఊరి పండగ వేటలో తుపాకీ లేదు. తర్వాత ఊళ్ళలో నాటు తుపాకులు అప్పగించమని పోలీసులు చెప్పినప్పుడు మా ఊరి మూడూ వెళ్ళిపోయాయి. తాత వేటకు వచ్చాడు, ఖాళీ చేతులతో. అడుగుజాడలు చూసి ఏది ఎప్పుడు ఎటు వెళ్ళిందో చెప్పేవాడు. గాలి చూసి కాపు ఎక్కడ వేయాలో చెప్పేవాడు. ఊళ్ళోకి తిరిగి వస్తే అందరితో పాటు పేడనీళ్ళు తినేవాడు.

ఇప్పుడు అమెరికా తగువు దగ్గరకు వస్తాం. దాని మొదలు కూడా ఒక ఆదివాసీ దగ్గరే ఉంది.

కాలిఫోర్నియాలో యాహీ అనే చిన్న తెగ ఉండేది. బంగారం కోసం, భూమి కోసం వచ్చినవాళ్ళు వాళ్ళను వేటాడి చంపారు. 1911 ఆగస్టులో ఓరోవిల్ అనే ఊరి దగ్గర, ఆకలితో చిక్కిపోయిన ఒక మనిషి ఒంటరిగా బయటికి వచ్చాడు. ఆ తెగలో మిగిలిన ఆఖరి మనిషి. తన పేరు ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ భాషలో మనిషి అని అర్థం వచ్చే ఇషీ అనే మాటతో ఆయన్ను పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంచారు. అక్కడి వైద్య కళాశాలలో పనిచేసే సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు ఇషీ దగ్గర విల్లు చేయడం, వేయడం, జంతువు దగ్గరకు చప్పుడు లేకుండా పోవడం నేర్చుకున్నాడు. 1916 మార్చిలో ఇషీ క్షయతో చనిపోయాడు. 1923లో పోప్ విల్లువేట గురించి ఒక పుస్తకం రాశాడు. దాన్ని చదివి ఎంతోమంది అమెరికన్లు విల్లు పట్టారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం జింకల వేటలో విల్లుకు విడిగా కాలం కేటాయించింది. ఇప్పుడు వాళ్ళు ఎవరిని రానివ్వాలని తగువు పడుతున్న వాకిలి అలా తెరుచుకుంది. తెగ మొత్తం చచ్చిపోయాక వాళ్ళ విల్లు మాత్రం బతికిందన్నమాట. అది చదివి మేం చాలాసేపు మాట్లాడుకోలేదు.

తగువు సంగతి. క్రాస్‌బో వద్దనేవాళ్ళు మా తాత చెప్పినట్టే చెబుతారు. జంతువు ఎదుట, ఆ క్షణంలో, సొంత చేత్తో నారి లాగి పట్టుకోవడమే విల్లువేట అంటారు. దానికి ఏళ్ళ సాధన కావాలి. మీట నొక్కేదాన్ని కూడా రానిస్తే ఎక్కువ జంతువులు పడతాయి, చివరికి విల్లుకు ఇచ్చిన రోజులే తగ్గిస్తారు అంటారు. రానివ్వాలనేవాళ్ళు మా కుర్రాళ్ళు చెప్పినట్టు చెబుతారు. ముసలివాళ్ళు, భుజం దెబ్బతిన్నవాళ్ళు, చిన్నపిల్లలు కూడా అడవికి రావాలి కదా అంటారు. 1969లో పేటెంటు వచ్చిన కప్పీల విల్లును ఒప్పుకున్నప్పుడు దీన్ని ఎందుకు ఒప్పుకోరని కూడా అడుగుతారు. కప్పీల విల్లులో నారి లాగి పట్టినప్పుడు చేతి మీద బరువు చాలా తగ్గిపోతుంది. అది సగం దారి వచ్చినట్టే కదా. ఈ ప్రశ్న సరైనదే. చాలా రాష్ట్రాల్లో మొదట వికలాంగులకు మాత్రం క్రాస్‌బో అనుమతి ఇచ్చి, తర్వాత అందరికీ తెరిచారు. విస్కాన్సిన్‌లో 2014 నుంచి ఎవరైనా వాడవచ్చు. ఒరెగాన్ మాత్రం ఇప్పటికీ వేటకు ఒప్పుకోలేదు. సాక్స్‌టన్ పోప్ పేరు మీద ఉన్న విల్లువేట సంఘం క్రాస్‌బోతో కొట్టిన జంతువును తన రికార్డుల్లోకి ఎక్కించుకోదు.

రెండు వైపులా వాదన విన్నాక మాకు ఒకటి తోచింది. అక్కడ వేటగాడు ఒక్కడు. ఆయన లైసెన్సు ఆయనది, ఆయన కొట్టిన జింక ఆయనది. అందుకే విల్లు ఎత్తలేనివాడికి వేరే ఆయుధం ఇవ్వకపోతే ఆయన పూర్తిగా బయట ఉండిపోతాడు. మన పండగ వేట ఒక్కడిది కాదు. అదిలించేవాడు, అడుగులు చూసేవాడు, మోసేవాడు, వండేవాడు, పేడనీళ్ళు చల్లే ఆమె, అందరూ అందులో ఉన్నారు. విల్లు ఎత్తలేనివాడు బయట ఉండిపోవడం అనేది మన దగ్గర లేదు. వాటా ఉన్న ఊళ్ళో విల్లు ఎత్తలేడని తుపాకీ తేవాల్సిన అవసరం లేదు. పెద్దమ్మ చెప్పింది ఇదే.

మర్నాడు ఏడో తరగతికి ఈ కథంతా చెప్పాం. బాగానే చెప్పామనుకున్నాం. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. చిన్నప్పుడు నిప్పుల్లో పడి ఆమె ఎడమ చేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆటల వేళ బాణాలు ఏరి తెచ్చే పని ఆమెకు ఇచ్చాం. ఆమె అడిగింది: "సార్, మీ తాతకు వాటా కాదు, విల్లే వెయ్యాలని ఉంటేనో?"

మా దగ్గర జవాబు లేదు. తాత బతికున్నన్నాళ్ళు మేం ఆయన్ను ఆ మాట అడగలేదు. ఆయన మా పిల్లలకు విల్లులు చేస్తూ, ప్రతి విల్లునూ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి లేచినంత మేరకు నారిని కొంచెం లాగి చూసి ఇచ్చేవాడు. విల్లు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాడనుకున్నాం. ఆ అమ్మాయి అడిగాక అది వేరేగా కనపడుతోంది.

శీతల్ దేవి గురించి మీరు వినే ఉంటారు. జమ్మూ కశ్మీర్ అమ్మాయి, పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. కాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగి, 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది. ఆమెకు ఎవరూ తుపాకీ ఇవ్వలేదు, బాణాలు ఏరమనీ అనలేదు. ఆమె శరీరానికి తగ్గట్టు విల్లును అమర్చారు. మా తాత మా ఎత్తు కొలిచి విల్లు చేసినట్టే. విల్లు మనిషిని బట్టి చేస్తారన్న సంగతి మా ఇంట్లో ఉన్నదే. మా తాత విషయంలోనే మేం దాన్ని మరిచిపోయాం.

ఇక చట్టం మాట చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది, ఎందుకంటే కుర్రాళ్ళు ముందు అడిగేది అదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అనే మాట కింద విల్లంబులు, తుపాకీ, వల, ఉచ్చు, విషం, పేలుడు మందు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. మా ఊరు అంత తగువు పడి గీసిన గీత ఆ చట్టానికి కనపడదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం అడవి మీద మన సంప్రదాయ హక్కులు చాలా ఒప్పుకుంది. వేటను మాత్రం పేరు పెట్టి పక్కన పెట్టింది. 1972 చట్టంలో నికోబార్ దీవుల ఆదివాసీల వేట హక్కుకు మినహాయింపు ఉంది. మనకు లేదు. కాబట్టి విల్లుతో కొట్టినా అది నేరమే. ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ తుపాకీ, తల లైటు, సంతకు మాంసం వచ్చాక మా కొండ మీద కణుజు కనపడటం మానేసింది. కొండగొర్రె అరుపు విన్న పిల్లలు మా ఊళ్ళో ఇప్పుడు లేరు. పందుల కోసం పెట్టిన కరెంటు తీగలు తగిలి మనుషులే పోతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం. చట్టం మనల్ని అడగకుండా వచ్చిందనే కోపం ఒక పక్క ఉంది. కొండ ఖాళీ అవడంలో మన చెయ్యి ఉందన్న సిగ్గు ఇంకో పక్క ఉంది. రెండూ నిజమే.

మా ఊరు ఇప్పుడు ఏం చేస్తుందో చెబుతాం. ఇటుకల పండగ నాడు మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని కొండకు పోతూనే ఉన్నారు. కొండ కింద చదునులో ముప్పై అడుగుల దూరాన ఆనపకాయ కడతారు. తలకో బాణం. తగిలించినవాళ్ళు తలెత్తుకుని వస్తారు, తప్పినవాళ్ళకు పేడనీళ్ళు. ఇంటింటి చందాతో కొన్న మేకను పెద్దమ్మ ఇంటి ముందు కోస్తారు. ఆనపకాయను మొదట కొట్టినవాడికి తల. మిగతాది పాత లెక్కే, ఇంటింటికీ సమానం. ఇది వేట కాదని కుర్రాళ్ళు అంటారు, నిజమే. కానీ విల్లు మిగిలింది, వాటా మిగిలింది. ఈ రెండూ పోయి వేట ఒక్కటే మిగిలిన ఊళ్ళు కూడా మాకు తెలుసు.

ఈ పుస్తకం చదివే కుర్రాళ్ళకు మా మాట ఒకటే. మీ ఊళ్ళో మాంసం వాటాలు ఎలా వేసేవారో ముసలివాళ్ళను అడిగి రాసిపెట్టండి. ఏ జంతువును ఎప్పుడు కొట్టకూడదనేవారో కూడా రాయండి. విల్లు ఫొటో ఎవరైనా తీస్తారు. ఆ లెక్కలు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు. మాస్టార్లకు ఇంకో మాట. బడిలో విల్లు నేర్పేటప్పుడు ఒకే కొలత విల్లులు కొని పంచకండి. పిల్లల చెయ్యి చూసి చేయించండి. ఊళ్ళో చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ అమ్మాయి కోసం ఇప్పుడు ఒక విల్లు తయారవుతోంది. పట్టుకునే చోట గుడ్డ చుట్టి, మణికట్టుకు తగిలేలా తోలు పట్టీ కట్టాలని పెద్దన్న చెప్పాడు. చేస్తున్నది ఆయనే. కొండెక్కడం తగ్గిపోయాక తాత పక్కన కూర్చుని విల్లు చేయడం నేర్చుకున్నాడు. మొదటి విల్లు పట్టీ జారిపోయింది. రెండోది కొంచెం నయం. చైత్రానికి ఇంకా నాలుగు నెలలు ఉంది. ఈ ఏడు పండగకు ఆమెను మా ఊరు తీసుకెళ్ళి ఆనపకాయ ముందు నిలబెట్టాలని ఉంది. ఆడపిల్ల విల్లు పట్టి నిలబడితే పూజారి ఏమంటాడో, తప్పితే ఆమె మీద పేడనీళ్ళు ఎవరు చల్లుతారో, ఊరు మళ్ళీ కూర్చుని తేల్చుకోవాలి.